విజయమ్మ నల్లసంచి

నా కోడలు విజయమ్మ ఇన్సూరెన్సు ఏజెంటు. అప్పట్లో రేపల్లెలో ఆ పని చేసే ఆడమనిషిని ఇంకొకరిని నేను చూడలేదు. గొడుగు పట్టుకుని, నల్లసంచి భుజాన వేసుకుని అడవులదీవి దాకా వెళ్లేది. వలలు బాగుచేసుకునేవాళ్ల పక్కన కూర్చుని పాలసీలు కట్టించేది. ఎవరు కసిరినా నవ్వేది. ఏ ఏజెంటైనా మొదటి పాలసీ ఇంట్లోవాళ్లకే కట్టిస్తారు. ఆమె నా కొడుకు ప్రభుదాసుకు కట్టించి, నామినీగా తన పేరు రాయించుకుంది.

వాడికి ఆ సంచి అంటే పడేది కాదు. నా పెళ్లాం గడపగడపకీ తిరిగి మీరు చచ్చిపోతే ఎలా అని అడుగుతుందా అని గొడవ. ఒకరోజు తను కావాలో సంచి కావాలో తేల్చుకోమన్నాడు. ఆమె సంచినీ, పిల్ల సారానూ తీసుకుని తెనాలి వెళ్లిపోయింది. నేనైనా అదే చేసేదాన్ని. ఆ మాట వాడితో చాలాసార్లు అన్నాను.

తొంభై ఒకటిలో బాపట్ల కోర్టులో కేసు తేలి, చర్చిలో కలిసినవాళ్లు కాగితం మీద వేరయ్యారు. పాలసీలో ఆమె పేరు తీయించెయ్యమని ప్లీడరు వాడికి చెప్పాడు. తీయాలన్నా ఫారం తెచ్చేది ఏజెంటే కదా. తెనాలి నుంచి రైలెక్కి ఆమే వచ్చింది. వసారాలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని, ఊళ్లో అందరినీ అడిగినట్టే వాణ్నీ అడిగింది.

“నామినీగా ఎవరి పేరు రాయమంటారు సార్?”

“మా అమ్మ పేరు,” అన్నాడు వాడు గోడవైపు చూస్తూ.

చేపలు తోముతున్నదాన్ని లేచి వచ్చాను. “నువ్వు పోతే ఆ డబ్బుతో నేను అన్నం తినాలా? నా పేరు రాస్తే ఆ కాగితం పొయ్యిలో పెడతాను.”

“పేరు రాసినంత మాత్రాన ఎవరూ పోరు అత్తయ్యా.”

“ఆ మాట ఊరందరికీ చెప్పి కట్టించావు. నాకు చెప్పకు.”

చివరికి వాడు సారా పేరు చెప్పాడు. విజయమ్మ రాసింది. కానీ సారా ఇంకా చిన్నపిల్ల. అది పెద్దయ్యేలోగా వాడికేమైనా అయితే, దాని తరఫున డబ్బు తీసుకోవడానికి పెద్దవాళ్లెవరో ఒకరు సంతకం పెట్టాలట. వాడు నావైపు చూశాడు. పైసా ముట్టకుండా పిల్లకు చేర్చే మనిషి ఎవరో వాడికి తెలుసు. ఆ పేరు నా నోటితో అనిపించాలని చూశాడు. నేను మళ్లీ చేపల దగ్గరికి పోయాను.

“నువ్వే పెట్టు,” అన్నాడు విజయమ్మతో.

“నా మీద నమ్మకం ఉందాండి?” అంది. ఈసారి సార్ అనలేదు.

“నీ మీద ఎప్పుడు లేదు? కోపమంతా ఆ సంచి మీదే.”

ఆమె తల వంచుకుని సంతకం పెట్టింది. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తినే బయల్దేరింది. సంచి బరువుగా ఉందిరా అన్నాను వాడితో. సణిగాడు, తీసుకున్నాడు. గొడుగు వేసుకుని ఆమె ముందు, సంచి మోసుకుంటూ వాడు వెనక, స్టేషను దాకా అలాగే నడిచారు.

మళ్లీ కాపురమైతే చేయలేదు. ప్రీమియం గడువుకు మాత్రం ఆమె వస్తూనే ఉంది, నేను చేపలు తెప్పిస్తూనే ఉన్నాను.