చెవికి అందని చెయ్యి

జూన్ నెలలో కొత్త పాఠ్యపుస్తకాల కట్ట విప్పగానే గుప్పుమనే అచ్చు సిరా వాసన తగిలితే, దాని వెంటే నాకు ఉడికిన గుడ్డు వాసన కూడా వస్తుంది. ఈ రెంటికీ ఏం సంబంధమని నాతో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న స్నేహితురాళ్ళు నవ్వుతారు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, కోస్గి దగ్గరి మా ఊరి ప్రాథమిక పాఠశాలలో నేను నాలుగో తరగతి. రెండు గదులు, ఐదు తరగతులు, ఒక్క సారు. ఆ ఏడే టౌను ప్రైవేటు బడి వాళ్ళ పసుపు వ్యాను మా ఊరికి రావడం మొదలై, నాతో చింతగింజలాడే వాళ్ళలో సగం మందిని మెడకు టైలు కట్టించి ఎక్కించుకుపోయింది. సారు హాజరుపట్టీని రెండుసార్లు లెక్కపెట్టి, అద్దాలు తుడుచుకుని, "పంతొమ్మిది మందే ఉన్నరు. ఇరవై గాకుంటె మన బడిని పక్కూరి బడిల కలుపుతరట" అన్నారు. పక్కూరంటే వాగు దాటి పోవాలి. మా నాయిన నన్ను అంత దూరం పంపడని, ఇక మేకల వెంట తిరగడమేనని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

ఏడుపు మర్నాటికే పోయింది, ఎందుకంటే మర్నాడు బడిబాట. అట్ట ముక్కల మీద నినాదాలు రాసుకుని, పగిలిన తపేలా వాయించుకుంటూ, ఒక్క పిల్ల కోసం వాడవాడా తిరిగాం. ఒక ఇంట్లో బొరుగులు, ఇంకో ఇంట్లో బెల్లం ముక్క, మూడో ఇంట్లో చల్లటి అంబలి దొరికాయి గానీ పిల్ల మాత్రం దొరకలేదు. అలసిపోయి బడికి తిరిగొస్తే, వంటగది గడప మీద కూర్చుని షాహీన్ కనిపించింది.

షాహీన్ మాకు మధ్యాహ్న భోజనం వండే ఖాసింబీ అవ్వ మనవరాలు. తల్లీతండ్రీ కూలికి బొంబాయి పోతే, ఏడాదిగా అవ్వ కొంగు పట్టుకుని రోజూ బడికి వచ్చేది. పుట్టిన తేదీ కాగితం బొంబాయిలో ఉంది. అవ్వనడిగితే, "కందులు కోసేటప్పుడు పుట్టింది బిడ్డా, ఏ ఏడో యాదికి లేదు" అంది. కాగితం లేని పిల్లకు బడి ఈడు వచ్చిందో లేదో తేల్చడానికి మా ఊళ్ళో పాత పద్ధతి ఒకటుంది: కుడి చెయ్యి తల మీదుగా తిప్పితే ఎడమ చెవి అందాలి. షాహీన్ చెయ్యి నడినెత్తి దాటి ఆగిపోయింది. మేము పెద్దసారనే మండల విద్యాధికారి తనిఖీకి రావడానికి వారమే ఉంది.

ఆ వారం మేము చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. గుడ్డు తింటే ఒళ్ళు పెరుగుతుందని పాఠంలో ఉంది కనుక, గుడ్డు పెట్టిన రోజున తలా ఓ ముక్క కొత్త పుస్తకాల సంచిలో దాచి షాహీన్‌కు తినిపించాం. చేతికి నువ్వుల నూనె రాసి ఇద్దరం చెరోవైపు పట్టి లాగాం. పిల్లకు కడుపునొప్పి వచ్చిందే తప్ప చెయ్యి వేలెడు కూడా పెరగలేదు. చివరికి తల కుడివైపు వంచితే చెవి దానంతటదే పైకొస్తుందని నేనే కనిపెట్టి, గొప్పగా నేర్పించాను.

పెద్దసారు రానే వచ్చారు. షాహీన్ ఠక్కున తల వంచి చెవి పట్టుకుంది.

"తల నిటారుగ పెట్టు బిడ్డా," అన్నారాయన.

చెయ్యి మళ్ళీ నడినెత్తి మీదే ఆగిపోయింది. మా సారు నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు పప్పుగరిటె చేతిలో ఉండగానే వంటగదిలోంచి అవ్వ వచ్చింది.

"చెయ్యి అందకుంటేంది సారూ, సదువు అందుతుంది. జర అడిగి సూడుండ్రి."

ఆయన అడగకముందే షాహీన్, మేము రోజూ పొద్దున గొంతెత్తి పాడే పది జిల్లాల పేర్లూ ఆదిలాబాదు నుంచి మా పాలమూరు దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, ఆపమనే వాళ్ళు లేక రెండో ఎక్కం కూడా అందుకుంది. ఏడాదిపాటు గడప మీద కూర్చుని మా చదువంతా వినేసిందని మాకెవరికీ తెలియదు. పెద్దసారు నవ్వు ఆపుకోలేక కలం తీశారు. "పేరు రాయుండ్రి. కాగితం వచ్చినంక చూద్దాం." ఆ రోజు మేము వేసిన కేకలకు పొయ్యి దగ్గరి కాకులన్నీ లేచిపోయాయి.

ఇప్పుడు శిక్షణలో భాగంగా అదే బడికి వచ్చాను. పది జిల్లాలు ముప్పైమూడయ్యాయి. పిల్లల పేర్లు ఫోనులో ఎక్కుతున్నాయి, ఎవరి చెవినీ ఎవరూ చూడరు. ఖాసింబీ అవ్వ పోయి రెండేళ్ళయింది. పసుపు వ్యానులు మాత్రం మూడయ్యాయి.

నిన్న నన్ను చూడడానికి షాహీన్ వచ్చింది. పదో తరగతి, నాకంటే పొడుగు. అడగకుండానే తల నిటారుగా పెట్టి, చెయ్యి తిప్పి, చెవి కమ్మ దాకా పట్టుకుని చూపించింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత హాజరుపట్టీ వైపు చూసి, "ఎంతమందున్నరక్కా?" అంది.

"పదహారు."

అటక మీది పగిలిన తపేలా దింపి, చున్నీతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

"మరి కూసున్నవేంది? నడువు."