మెరిసే ముక్క వద్దు

సముద్రగర్భాన్ని తొలిచి భూమి గుట్టు విప్పిన మెదక్ వీరుని మహాగాథ చెబుదామని కూర్చున్నాను కానీ, నిజానికిది మా నాయన ఫోటో ఎంచడం గురించి. రేపు ఆయన సంవత్సరీకం. గోడకొక ఫోటో కావాలని పొద్దున చెల్లె ఉన్నవన్నీ మంచం మీద పరిచేసరికి నాకు నిరుడు పనిచేసిన పరిశోధన ఓడ గుర్తుకొచ్చింది.

సముద్రం అడుగున తొలిచిన రాతిని కడ్డీల్లా పైకి తీసి బల్లలమీద పేర్చేవారు. మీటరు మీటరుకీ, ఆ పొడవంతటి తరఫునా మాట్లాడగల ఒక్క ముక్కను పరీక్షకు ఎంచడం నా పని. మొదటిరోజే పచ్చటి చార మెరిసే ముక్క తీసి మురిసిపోయి, పెద్ద శాస్త్రవేత్తతో చీవాట్లు తిన్నాను. మిగిలిందంతా మామూలు బూడిదరంగు రాయేనట.

నాయనది బోరుబండి, మెదక్ దగ్గరి కుల్చారం చేలల్లో పది అడుగులకొకసారి పైకొచ్చిన రాతిపొడిని దోసిట్లో తీసి కుప్పలుగా వరుసపెట్టి, ఏ లోతులో ఏముందో చదివేవాడు. ఓడ నుంచి ఫోన్లో నా చీవాట్ల సంగతి చెబితే, "చుట్టూత నీళ్ళే గదరా, ఇంక బోరెందుకు?" అని నవ్వి, "మెరిసేది చుట్టమసొంటిది బిడ్డా, ఇట్లొచ్చి అట్ల పోతది. ఇంట్ల ఉండేదాన్ని జూడు" అన్నాడు.

వారం తిరక్కుండానే ఆయన పోయాడని కబురొచ్చింది. ఓడ రేవు చేరడానికింకా నెలుంది. నడిసముద్రంలో దిగి మెదక్ బస్సెక్కే వీల్లేదు. ఏం చేయాలో తోచక డ్యూటీకే వెళ్ళాను. ఆ రోజు నేనెంచిన ముక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని ఆ పెద్ద శాస్త్రవేత్తే మొదటిసారి మెచ్చుకుంటే, ఆ మాట నాయనకు చెబుదామని సగం అంకెలు నొక్కాక గాని గుర్తురాలేదు.

మంచం మీద పరిచినవాటిలోంచి చెల్లె, నాయన కోటేసుకున్న ఫోటో అందుకుని "గిదే మంచిగుందన్నా, హీరో లెక్క ఉన్నడు" అంది. ఆ కోటు స్టూడియో వాళ్ళది, ఆయన ఒంటిమీదున్నది పది నిమిషాలు. నేను ఎంచినదాంట్లో నాయన తలకు తువ్వాల చుట్టుకుని, కెమెరాను పట్టించుకోకుండా కుప్పల వైపు చూస్తున్నాడు.

"గిండ్ల మొఖమే కనవడ్తలేదు గదన్నా!" అంటూ చెల్లె చున్నీతో ఫోటో తుడిచింది. దుమ్ము పోలేదు. అది ఫోటో మీదిది కాదు, నాయన మీదిది. చెల్లె మరోసారి మెల్లగా తుడిచి, "ఇగ గిదే పెట్టు" అని లోపలికి పోయింది.

ఇప్పుడు మా వీధిలో బోరుబండి మోగితే అందరం కిటికీలు మూసుకుంటాం. కుప్పలు పెట్టే ఓపిక ఎవరికీ లేదు, పొడంతా ఒకే గుట్ట. అయినా నేను పోయి ఒకసారి చూసొస్తాను.

ఫోటో పట్టుకుని ఫ్రేముల దుకాణానికి వెళ్ళాను, మూసి ఉంది. ఇవాళ శుక్రవారం. నమాజయ్యాక మూడింటికి తెరుస్తారట.