బియ్యం కడిగిన నీళ్ళు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తూనే వంట చేశాను, బడిలో సైన్సు పాఠాలు చెప్పాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి నవ్వుతూ ఫొటోలు దిగాను. ఎంత బరువైనా మనిషికి అలవాటైపోతుంది కాబోలు. అలవాటైంది గానీ తేలిక కాలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అది చెప్పాల్సిన చోటు వేరే ఉంది, అక్కడికి వెళ్ళే ముందు మీ దగ్గర ధైర్యం కూడదీసుకుంటున్నాను.

సూసన్న, నేను పోర్ట్ బ్లెయిర్‌లో కలిసి బోటనీ ఎమ్మెస్సీ చదివాం. ఆమెది ఫెరార్‌గంజ్, ఆదివారం తప్పకుండా తెలుగు చర్చికి వెళ్ళే కుటుంబం. మాది గోల్ ఘర్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేపల వేటతో బతికినవాళ్ళం. ఆమె ఇష్టంతో చదివేది. నేను ఫెయిలవుతానన్న భయంతో చదివేదాన్ని.

ఆమె ప్రాజెక్టు ఒక ఫెర్న్ మీద. మా దీవుల్లో అది చెట్ల బెరడు పట్టుకుని పాకుతుంది, మట్టి అక్కర్లేదు. పువ్వు లేదు, గింజ లేదు. ఆకు అడుగున గోధుమరంగు పొడి ఉంటుంది, దాంతోనే వ్యాపిస్తుంది. వానలు ఆగితే ఆకు ముడుచుకుని, అడుగునున్న తెల్లటి నూగు పైకి తిప్పి, ఉన్న కాస్త తడినీ కాపాడుకుంటుంది. చూసినవాళ్ళు చచ్చిందనుకుంటారు. వాన పడితే మళ్ళీ విప్పుకుంటుంది. అయితే ఎండ తగిలే మాను మీద పెరిగినదీ, వాగు పక్క నీడలో పెరిగినదీ, ఒకే జాతి కదా, రెండూ ఒకేలా తట్టుకుంటాయా? ఇదీ సూసన్న ప్రశ్న. నీడలోవి తట్టుకోవేమోనని ఆమె అనుమానం. అనుమానం చాలదు, చూడాలి అనేది.

రెండు రకాలనీ బెరడు ముక్కలతో సహా తెచ్చి మా ఇంటి వెనక రేకుల కింద వేలాడదీసింది. ఎండాకాలమంతా నీళ్ళు పెట్టకుండా ఉంచి, తర్వాత తడిపి చూడాలి. ఇంతలో వాళ్ళ నాన్నకి ఆపరేషన్ అని షిప్పులో వైజాగ్ వెళ్ళాల్సొచ్చింది. మొక్కలు నాకు అప్పజెప్పి, ఏమీ చెయ్యకపోవడమే నీ పని అంది. నాకు దొరికిన పనుల్లో అంత సులువైనది ఇంకోటి లేదు. అదీ చేతకాలేదు.

ఎండ మాను మీదివి బుద్ధిగా ముడుచుకుని ఊరుకున్నాయి. వాగువి అలా లేవు. అంచులు నల్లబడ్డాయి, ముట్టుకుంటే పొడైపోయేలా ఉన్నాయి. రోజూ బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడల్లా అవే కళ్ళబడేవి. మాకే కుళాయి రెండు మూడు రోజులకొకసారి వచ్చే కాలం. అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యకుండా కరివేపాకు మొక్కకి దాచేది. ఒక పొద్దున ఆ బకెట్ తీసుకెళ్ళి వాగు ఫెర్న్‌ల మీద పోసేశాను.

జాలితోనా? చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను, ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో. ఇప్పుడు నిజాయితీగా చూసుకుంటే జాలి సగమే, మిగతా సగం నా చేతిలో చచ్చిపోతే సూసన్న నన్నేమనుకుంటుందోనన్న భయం. మర్నాటికి ఆకులు విప్పుకున్నాయి. సంతోషపడ్డాను. మళ్ళీ పోశాను, మళ్ళీ మళ్ళీ పోశాను. తిరుగు టికెట్ దొరికిందని ఆమె ఫోన్ చేసిన రోజు ఆపేశాను, ఆమె వచ్చేసరికి అన్నీ ఒకేలా ముడుచుకుని కనబడాలని. దీన్ని జాలి అనడానికి నాకు నోరు రాదు.

వానలు మొదలవుతుండగా ఆమె వచ్చి అన్నిటినీ తడిపింది. అన్నీ విప్పుకున్నాయి. రేకుల కింద పీట మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"వాగువి కూడా బతికాయే. ఒక్క బూంద్ కూడా పొయ్యలేదా నువ్వు? సచ్ బోల్, నిజం చెప్పు."

"నేదే. పొయ్యనేదు."

"పక్కా?"

"పక్కా అంటన్నాను కదా. నీ మీదొట్టు."

ఒట్టు కూడా వేశాను. ఆమె నన్ను కౌగిలించుకుంది.

నాకు బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. ఆ ఫెర్న్‌లు చచ్చిపోవడమే ఆమె ప్రశ్నకి జవాబు. ఆమె అనుమానమే నిజం. నేను వాటిని బతికించి ఆమె జవాబుని చంపేశాను.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను, నెమ్మదిగా చెప్పే ఓపిక లేదు. ఆమె ప్రాజెక్టు చూసి అటవీ శాఖవాళ్ళు ఉద్యోగమిచ్చి, రోడ్డు పక్క చెట్ల మీద ఈ ఫెర్న్ పెంచే పని అప్పజెప్పారు. వాగు దగ్గర బోలెడంత ఉంది, అక్కడిదీ తట్టుకుంటుందని ఆమె కాగితాల్లో ఉంది కదా, అదే ఒలిచి తెచ్చి కొబ్బరి తాళ్ళతో కట్టారు. వానల్లో బాగున్నాయి. ఎండాకాలం పోయి మళ్ళీ వానలొచ్చాక ఒక్కటీ విప్పుకోలేదు. అటు వాగు పక్క మాన్లు బోడిగా మిగిలాయి. ఫలితాలు కల్పించావన్నారు. అప్పటి ప్రయోగం మధ్యలో ఎవరైనా నీళ్ళు పోశారా అని మా ప్రొఫెసర్‌గారు అడిగితే, చూసుకున్నది నా ఫ్రెండ్ సార్, తను అలాంటిది కాదు అందట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి తనే చెప్పింది. నేను టీ పెట్టి ఇచ్చాను. అంతే చేశాను. ఉద్యోగం పోయింది, పీహెచ్‌డీకి ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు మిడిల్ పాయింట్‌లో మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడుతుంది. నేను టీచర్‌నయ్యాను.

పోయిన వారం దగ్గు మందుకి వెళ్తే మాటల్లో అంది, నేనే ఏదో తప్పు చేసుంటానే, ఏంటో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు అని. నవ్వుతూనే అంది. ఉద్యోగం ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్ళూ. తన కళ్ళ మీద తనకే నమ్మకం లేకుండా చేశానని అప్పుడు తెలిసింది. ఇక ఆగను. రేపు వెళ్తాను.

ఇంతవరకూ శనివారం రాశాను. ఆదివారం చర్చి అయ్యే వేళకి ఫెరార్‌గంజ్ బస్సెక్కాను. వాళ్ళ వాకిట్లో కూర్చుని, చుట్టూ తిప్పకుండా మొత్తం చెప్పాను, బియ్యం నీళ్ళు, ఒట్టు, ఆపేసిన రోజు అన్నీ. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సొస్తుంది.

ఆమె ఎందుకు అని అడగలేదు. ఎండ మాను మీద వాటికి కూడా పోశావా అని అడిగింది. లేదు, వాగువాటికే అన్నాను. అయితే నేను చూసింది తప్పు కాదు అని తనకి తనే చెప్పుకుంది. సరే, ఇంక వెళ్ళు అంది. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. సోమవారం ప్రొఫెసర్‌గారి దగ్గరికి వెళ్తున్నాను, నా పేరుతో చెప్తాను అన్నాను. తల ఊపి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

బస్సు కోసం ఎండలో నిలబడ్డాను. సిగ్గు ఉంది, అది పోదు. స్నేహం మిగులుతుందో లేదో తెలియదు. అయినా ఎన్నో ఏళ్ళ తర్వాత నిండుగా ఊపిరి తీసుకున్నాను.