రోగం లేని ఓబులమ్మ

పోయిన వారం మా ఆసుపత్రి హాల్లో ఒక ముసలాయన తడిసిన కంబళి కప్పుకొని నా కౌంటరు పక్కన కూర్చున్నాడు. అనంతపురంలో వాన పడడమే అరుదు, అందులోనూ మనిషి తడిసేంత వాన. తడి ఉన్ని వాసన, దానికింద గొర్రెల మంద వాసన, రెండూ కలిసి ఫినాయిలు వాసనను హాలు అవతలికి తోసేశాయి. నా పక్క సీటులోని అమ్మాయి చున్నీతో ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఎవరో నన్ను పిలిచినట్టు తల ఎత్తి చూశాను. ఆ వాసనతో నా దగ్గరికి వారం వారం వచ్చిన మనిషి ఒకామె ఉండేది. పేరు ఓబులమ్మ. డెబ్బై దాటిన గొర్రెల కాపరి. నాకు బంధువు కాదు, నాకు చదువు చెప్పలేదు. అయినా నా ఉద్యోగం ఏమిటో నాకు చెప్పింది ఆమే.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డుల కౌంటరులో పనిచేస్తాను. రోగి కార్డు తెస్తాడు. డాక్టరు రాసిన జబ్బు కంప్యూటరు జాబితాలో ఉందో లేదో చూస్తాను. ఉంటే వేలిముద్ర తీసుకొని అనుమతికి పంపుతాను. లేకపోతే లేదని చెప్తాను. మొదటి ఏడాదిలోనే లేదని చెప్పడంలో నాకు మంచి పేరు వచ్చింది. తల ఎత్తకుండా, గొంతు పెంచకుండా, పక్క లైనుకు వినబడకుండా చెప్పగలిగేదాన్ని. ఓబులమ్మ వచ్చేదాకా ఎవరూ నన్ను ఎదురు ప్రశ్న అడగలేదు.

ఆమె ఊరు కళ్యాణదుర్గం వైపు గుట్టల కింద ఒక చిన్న పల్లె. గొర్రెల సంత రోజున ఊరివాళ్ళు గొర్రెలను వ్యానులో తెచ్చేటప్పుడు వాటితోపాటు ఎక్కి వచ్చేది. అవి సంతలో దిగేవి, ఈమె మా ఆసుపత్రి దగ్గర దిగేది. మొదటిసారి లైనులో గంటసేపు నిలబడి, కొంగుముడి విప్పి, కార్డు నా ముందు పెట్టింది.

"ఏం బాధవ్వా?" అని అడిగాను.

"ఏం బాధా ల్యా."

"మరి ఎందుకొచ్చినావు?"

"బాధ రాకముందే చూపించుకుందామని. పైనుంచి కిందికి ఒకసారి చూడమను మీ డాక్టర్ను. ఇదో, కార్డు ఉండాది."

"అవ్వా, జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితేనే ఈ కార్డు పనిచేసేది. ఊరికే చూపించుకునేదానికి పనికిరాదు."

"అంటే జబ్బు తెచ్చుకొని రమ్మంటావు."

"అట్లా కాదవ్వా..."

"ఎంత జబ్బు కావల్ల?"

లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ఆసుపత్రిలో చేర్చుకునేంత" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "సరే, చూస్తా" అని కార్డు మళ్ళీ కొంగున కట్టుకుంది. ఒక అంగట్లో సరుకు లేదంటే పక్క అంగడికి పోయే మనిషిలాగా నింపాదిగా వెళ్ళిపోయింది.

మళ్ళీ సంతరోజు వచ్చింది. ఆ రోజు లైను పలచగా ఉంది. "నీ దగ్గర రోగాల పట్టీ ఉండాదంట కదా కార్డు పాపా, చదువు" అంది. అప్పటినుంచి చివరిదాకా నన్ను ఆ పేరుతోనే పిలిచింది. విసుగొచ్చి తనే పోతుందని నేను చదవడం మొదలుపెట్టాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకొని పట్టుచీరలు బేరం చేస్తున్నట్టు విన్నది.

"కిడ్నీలో రాళ్ళు."

"మా చేన్లో ఉండేటివి చాలు. ఇంకోటి చెప్పు."

"తుంటి ఎముక విరిగితే."

"ఎన్ని దినాలు పండుకోవల్ల?"

"నెల పైనే."

"గొర్రెల్ని ఎవురు మేపుతారు? వద్దు."

"కంట్లో శుక్లాలు."

"నా కండ్లకేమైంది? నీ ముక్కు మీద చిన్న మచ్చ ఉండాది, ఈడికే కనపడతాండాది."

కడుపులో పుండ్లు, కాలిన గాయాలు, పక్షవాతం అన్నీ చదివాను. పక్షవాతం దగ్గర మాత్రం ఆమె ఏ మాటా అనలేదు. అది నేను అప్పుడు గమనించలేదు. జాబితాలో రెండు పేజీలు అయ్యాక లేచి చీర దులుపుకుంది. "మంచిదొకటి కూడా ల్యా నీ దగ్గర" అంది. సెక్యూరిటీ గార్డు తలుపు దగ్గర నవ్వు ఆపుకోలేక టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మూడోసారి నన్నే పరీక్ష చేసింది. నేను కంప్యూటరు వైపు వంగి ఏదో కొడుతున్నాను. కౌంటరు మీదుగా ఒక గరుకు చెయ్యి వచ్చి నా గడ్డం పట్టుకుంది. ఇంకో చేతి బొటనవేలు నా కంటి కింది రెప్పను కిందికి లాగింది. నేను కెవ్వుమన్నాను. గార్డు పరుగెత్తుకొచ్చాడు. ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు.

"రత్తం ల్యా నీకు. రెప్ప లోపల సున్నం కొట్టినట్టు ఉండాది. గొర్రెకైతే మేము నట్టల మందు తాపుతాము. నీకేం తాపుతారో మీ డాక్టర్ను అడుగు."

అంతమందిలో నన్ను గొర్రెతో పోల్చిందని ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. అయితే మరుసటి రోజు మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. ఆ ఆయాసం ఏడాదిగా వస్తూనే ఉందని అప్పుడే తట్టింది. రహస్యంగా మా ల్యాబులో రక్తం ఇచ్చాను. రిపోర్టు చూసిన డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకొని, "ఎట్లా తిరుగుతున్నావు నువ్వు? ఎవరు చెప్పారు పరీక్ష చేయించుకోమని?" అని అడిగింది. తెలిసినవాళ్ళు చెప్పారని అన్నాను. ఇనుము మాత్రలు రాసింది. కడుపులో పురుగులకు నట్టల మాత్ర కూడా రాసింది.

తరువాతి సంతరోజు ఓబులమ్మ కోసం నేనే ఎదురుచూశాను. రాగానే లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించాను. మాత్రల అట్ట చూపించాను. ఆమె గెలిచినట్టు నవ్వలేదు. దినాము మింగుతున్నానా లేదా అని మాత్రం అట్టలో ఖాళీలు లెక్కపెట్టింది. అప్పుడు అడిగాను. "నీకేమీ లేదంటావు. మరి చూపించుకోవాలని ఎందుకవ్వా ఇంత పట్టు?"

టీ గ్లాసు కింద పెట్టింది.

"మా ఇంటాయన గంగన్నకూ ఏమీ ల్యాకుండె" అంది. "రోగం నన్ను చూస్తే దారి తప్పుకొని పోతాది అని ఊరంతా చెప్పుకుంటుండె. పోయిన ఎండాకాలం పొద్దున్నే దొడ్లో గొర్రెలు విప్పుతా విప్పుతా పడిపాయ. ఒకపక్క చెయ్యీ కాలూ రాలే. మీ కార్డే తీసుకొని పోతిమి. వ్యాను వచ్చె. పెద్దాసుపత్రిలో పదకొండు దినాలు పెట్టుకుండ్రి. మందులు, మంచము, పాణం పోయినాక ఇంటికి తెచ్చేదానికి బండి, అన్నీ ఊరికే. మీ కార్డును తప్పు పట్టను పాపా. శానా బాగా పనిచేసింది. మనిషే పనిచేయల."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"ఈయనకు బీపీ ఎన్నేండ్ల నుంచో ఉండాది, ఎవురూ చూడలేదా అని డాక్టరు నన్ను అడిగె. దినాము నూరు గొర్రెల కండ్లు చూస్తి నేను. ఆయప్పను చూడకపోతి."

ఆమె వెళ్ళిపోయాక నాకు ఇంకో సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బీపీ, షుగరు చూడడానికి కార్డు అక్కరలేదు. ఊరి ఆరోగ్య కేంద్రంలో పెద్దవాళ్ళకు ఊరికే చూస్తారు. నెలలో కొన్ని రోజులు డాక్టరుతో మందుల వ్యాను కూడా వస్తుంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన శిక్షణలో ఒక పూటంతా ఈ విషయమే చెప్పారు. అది నా కౌంటరు పని కాదని నేను వెనక సీటులో నిద్రపోయాను. ఇప్పుడు ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఆ ఊరి నర్సు నంబరు పట్టుకున్నాను. "మా దగ్గరికి ఎవరూ రారు మేడం, బీపీ మిషన్ కొత్తదిగానే ఉంది" అని ఆ పిల్ల చెప్పింది. తరువాతి సంతరోజు ఓబులమ్మకు ఈ సంగతంతా చెప్పాను.

"మా ఊర్లోనే ఉండాదా?"

"ఉందవ్వా."

"మా ఇంటి ముందర, ఆ రంగుల బిల్డింగులోనా?"

"అదే అనుకుంటా."

"ఇన్ని దినాలు గొర్రెల్తో కలిపి నన్ను వ్యానులో తిప్పితివి కదే!" అని అరిచింది. సెక్యూరిటీ గార్డు మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు.

మందుల వ్యాను వచ్చే రోజు నేను సెలవు పెట్టి ఆ పల్లెకు వెళ్ళాను. తప్పు నాది కాబట్టి నేనే దగ్గరుండాలనిపించింది. బస్సు దిగేసరికి వీధిలో ముసలివాళ్ళు ఇరవై మంది దాకా ముందు నడుస్తున్నారు. వెనక ఓబులమ్మ గొర్రెల కట్టె పట్టుకొని వస్తోంది. ఎవరైనా పక్క సందులోకి జారుకోబోతే నోటితో ఒక శబ్దం చేసేది. వాళ్ళు వెంటనే మళ్ళీ గుంపులో కలిసేవాళ్ళు. రక్తం పిండుతారని ఒకామెకు భయం. జబ్బు ఉందని కాగితం మీద రాస్తే పింఛను ఆపేస్తారని ఒకాయనకు అనుమానం. అందరికంటే మొండివాడు ఆమె మరిది, గంగన్న తమ్ముడు తిమ్మప్ప. గొర్రెల దొడ్లో మంద మధ్యన నాలుగు కాళ్ళమీద దాక్కుంటే ఆమే వెతికి పట్టుకొచ్చింది. మోకాళ్ళకు పెంటికలు అంటుకుని ఉన్నాయి.

"నాకెందుకు వదినా ఇది? నాకు కార్డు ఉండాది. పడితే వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు.

"పడినాక చూసేదానికి వాళ్ళుండారు. ఇప్పుడు చెయ్యి పెట్టు."

నర్సు అతని చేతికి పట్టీ చుట్టి మిషన్ నొక్కింది. పట్టీ బిగుస్తుంటే తిమ్మప్ప "పట్టేసింది, పట్టేసింది!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నర్సు నవ్వలేదు. అంకెలు చూసి, పట్టీ విప్పి, ఇంకో చేతికి చుట్టింది. మళ్ళీ చూసి నా వైపు తిరిగింది. నేను వంగి చూశాను. అంత పెద్ద అంకెలు మా ఆసుపత్రిలో స్ట్రెచరు మీద వచ్చినవాళ్ళ కాగితాల్లోనే చూశాను. మా ముఖాలు చూసి ఓబులమ్మ గొర్రెల కట్టె గోడకు ఆనించి, తిమ్మప్ప పక్కన వచ్చి కూర్చుంది.

"నాకేం నొప్పి ల్యాదే" అన్నాడు తిమ్మప్ప. ఈసారి గొంతు చిన్నదైంది.

"మీ అన్నకూ ల్యాకుండె" అంది ఆమె.

వ్యానులో వచ్చిన డాక్టరు అతన్ని గంటసేపు పడుకోబెట్టి, మాత్రలిచ్చి, పెద్దాసుపత్రికి ఒకసారి పంపి, మళ్ళీ దినాము మింగే మాత్రలకు కుదిర్చాడు. ఆ రోజు అందరి వంతూ అయ్యాక చివరగా ఓబులమ్మ చెయ్యి పెట్టింది. బీపీ సరిగా ఉంది. షుగరు సరిగా ఉంది. రక్తం నాకంటే ఎక్కువ ఉంది. ఆమె ముఖం చిన్నబోయింది. "ఏమీ ల్యా? ఇన్నిసార్లు తిరిగితినే! ఇంకొకసారి చూడు పాపా, ఆ మిషన్ సరిగా చూసిందో లేదో" అని నర్సుతో గొడవపడి రెండోసారి చూపించుకుంది. అప్పుడు కూడా ఏమీ లేదు.

తరువాత నాలుగేళ్ళపాటు వ్యాను వచ్చిన ప్రతిసారీ ఎవరి ఫోనో అడుక్కొని నాకు ఫోన్ చేసేది. తిమ్మప్పకు బీపీ ఎంతో, ఎవరు మాత్రలు మానేశారో, ఎవరిని ఎట్లా పట్టుకొచ్చిందో మొత్తం చెప్పి, చివర "నాకు ఈ తూరి కూడా ఏం ల్యా" అని కొంచెం నిష్ఠూరంగా పెట్టేసేది. మా నాయనను చూపించమని కూడా ఆమే నా వెంటపడింది. ఆయనకు షుగరు బయటపడింది. మొదట్లో ఆమెను తిట్టాడు. ఆ తరువాత మా వీధిలో అందరికీ ఆమె చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాడు.

పోయిన ఏడాది ఒక పొద్దున రాగి అంబలి తాగి, అరుగు మీద కూర్చొని, గోడకు తల ఆనించి అట్లాగే పోయింది. నాలుగు రోజుల ముందే వ్యానులో చూపించుకొని, ఏమీ లేదని నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి వాకిట్లో మగవాళ్ళు గుంపుగా కూర్చున్నారు. అందులో ఒకాయన, "నెలనెలా చూపించుకునె. ఏం లాభమాయ?" అన్నాడు. తిమ్మప్ప ఏడుస్తున్నవాడు తువ్వాలతో ముఖం తుడుచుకొని లేచాడు.

"లాభం అంటావా? నేను ఈడ నిలబడి ఉండా కదా, కనపడలేదా? ఆయమ్మ రోగం ల్యాకుండా పోయింది. నీకు చేతనైతే నువ్వూ అట్లా పో, చూస్తా!"

నాకు ఆ ఏడుపులో నవ్వు వచ్చింది. చుట్టూ చూస్తే ఆ నర్సు పిల్ల కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

కార్డు నిబంధనలు మారలేదు. ఊరికే చూపించుకునేదానికి అది ఇప్పటికీ పనికిరాదు, లేదని చెప్పే ఉద్యోగం ఇప్పటికీ నాదే. కానీ లేదని చెప్పాక ఎక్కడ ఉందో కూడా చెప్తాను. రోగి పని ముగిశాక ఆయన పక్కన నిలబడ్డ మనిషిని చూస్తాను. ఒక చేతిలో టిఫిను క్యారియరు, ఇంకో చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకొని, తనను ఎవరూ ఏమీ అడగరని తెలిసి గోడ పక్కన ఒదిగి నిలబడే మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. కంప్యూటరులో వాళ్ళకు గడి లేదు. అందుకని ఒక నోటుపుస్తకం కొనుక్కున్నాను. అందులో ఊరి పేరు, వాళ్ళ నర్సు నంబరు, వ్యాను వచ్చే రోజు రాసి, ఇంకో కాగితం మీద అదే రాసి చేతికిస్తాను. లైను నిదానమవుతోందని మేనేజరు రెండుసార్లు పిలిచి మాట్లాడాడు. మూడోసారి వాళ్ళ అమ్మను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

నిన్న రాయదుర్గం నుంచి ఒకామె భర్తను గుండె ఆపరేషనుకు తీసుకొచ్చింది. ఆయన పని అంతా అయ్యాక, "మీరెప్పుడైనా చూపించుకున్నారా అమ్మా?" అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నన్నెందుకు అడుగుతావమ్మా? రోగి ఆయప్ప కదా."

"ఆయన పేరు రాసుకున్నానమ్మా" అన్నాను. "ఇప్పుడు మీ పేరు చెప్పండి."