పొట్టితోకలు

హూప్... హూప్...

ద్రాక్ష పందిళ్ల లోపలి నుంచి వచ్చింది ఆ చప్పుడు. ముందు లోతుగా, ఆ వెంటనే గొంతు గీరుకున్నట్టు గరగరగా. శామీర్‌పేట దాటి, కరీంనగర్ రోడ్డు దిగి మట్టిబాటలో నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. అది కొండముచ్చు కూతే. కానీ తోట కాపలా కాసే వహాబ్ దగ్గర ఇప్పుడు కొండముచ్చు లేదని, నిరుడే అటవీశాఖ జంగ్లాత్ వాళ్లు తీసుకుపోయారని కదా అందరూ చెప్పింది?

ఆకులు కదిలాయి. నడుం వంచుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. యాభై దాటిన వయసు, నెరిసిన గడ్డం, మెడలో గళ్ల తువ్వాల. చేతిలో గొలుసు లేదు, వెనక జంతువూ లేదు. నోటికి అడ్డం పెట్టుకున్న దోసిలి నన్ను చూసి విప్పాడు.

"నేనే సార్. సుల్తాన్ పోయినకాడికెళ్లి నేనే కొండముచ్చును."

నమ్మబుద్ధి కాలేదు. అతని వెనక పందిరి నీడలోకి రెండుసార్లు తొంగి చూశాను. అతను చూసి నవ్వుకున్నాడు.

అది 2013 మార్చి. కోతుల్లో రకాలను చూపు ఆనినంత దూరం నుంచే గుర్తుపట్టే మనిషి ఉన్నాడని విని వెళ్లాను. జీడిమెట్ల పక్కన మా కాలనీలో కోతుల పీడ వదిలి నెల అయిందని, వదిలాకే వాటి మీద ఆసక్తి పుట్టిందని అతనితో అన్నాను. "గట్లనా," అన్నాడంతే.

వహాబ్ నాయిన చింతచెట్లు, సీతాఫలం చెట్లు గుత్తకు పట్టేవాడు. ఏడేళ్లప్పటి నుంచి వహాబ్ ఆ చెట్ల మీదే కూచుని కాయకు కాపలా కాశాడు. అందరి పిల్లలూ బడికి పోతే ఇతను కొమ్మకు పోయాడు. అక్కడే కోతుల ముఖాలు చదవడం వచ్చింది. రోడ్డు మీద తల్లి చచ్చిన కొండముచ్చు పిల్ల దొరికితే తెచ్చి సుల్తాన్ అని పేరు పెట్టాడు. సుల్తాన్ నడిచిన తోటలోకి కోతి వచ్చేది కాదు. మేడ్చల్ దాకా ద్రాక్ష రైతులు పిలిచేవారు. అడవి జంతువును కట్టి పెంచడం చట్టం ఒప్పదని జంగ్లాత్ వాళ్లు దాన్ని తోలుకుపోయిన రోజు, భార్య షహర్ బాను పొయ్యి వెలిగించలేదు. మరునాటి నుంచి వహాబ్ తానే కూయడం మొదలుపెట్టాడు.

ఒక ఏడాది ఆ కూత పనిచేసింది. ఈ ఏడు కొత్త మంద ఒకటి దిగింది. కూతకు బెదరదు. గుత్తులు సగం పోయాయి. సుల్తాన్‌ను మళ్లీ తెప్పించుకోవడానికి వహాబే కోతులను తెచ్చి వదిలాడని ఊళ్లో మాట పుట్టింది. మాట ముదిరి తోట యజమాని ఇస్తారి చెవిన పడింది. పదిహేనేళ్లుగా వహాబ్ కుటుంబం ఉంటున్న బావికాడి గది తాళంచెవి ఆ పొద్దున్నే తీసుకున్నాడు ఇస్తారి. సాయంత్రంలోగా తేలకపోతే కాపలా పోతుంది, గదీ పోతుంది.

బావి దగ్గరికి నడిచాం. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఇస్తారి నిలబడి ఉన్నాడు. గట్టు మీద అతని తల్లి దుర్గమ్మ.

"ఏం వహాబూ, చుట్టాలను పిలిచినవా?" అన్నదామె. "నీ కూతకు ఉరుకుడు లేదు. పాటకు తలకాయ ఊపినట్టు ఊపుతున్నయి కోతులు."

వహాబ్ తుమ్మచెట్టు వైపు చెయ్యి చాపాడు. "గా కొమ్మ మీదిదాన్ని సూడుండ్రి. నడినెత్తిన పాపిట తీసి టోపీ పెట్టినట్టు వెంట్రుకలు. తోక ఒంటికన్న పొడుగు. అది మన ఊరిది. గీ గోడ మీదియి సూడుండ్రి. టోపీ లేదు. తోక జానెడు. ముడ్డి దిక్కు ఎర్రగ. గివి మనయి కావు, యాడికెళ్లో తెచ్చినయి."

"తెచ్చిందెవలు?" అన్నాడు ఇస్తారి. "అదే అడుగుతున్న."

గోడ మీద ఆరేడు పొట్టితోకలు. మధ్యలో ఉన్నదానికి ఎడమ చెవి సగం లేదు. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

వహాబ్ జేబులోంచి ఖాళీ పాలిథిన్ కవరు తీసి నలిపాడు. కరకర. తుమ్మ మీది టోపీ కోతులు పైకొమ్మకు పాకాయి. గోడ మీదివి మాత్రం దిగివచ్చి చేతులు చాపాయి.

"సూసిండ్రా? చెట్ల మీద బతికినదానికి కవర్ సప్పుడు ఏం ఎర్క? గివి ఇండ్ల కాడ కవర్లు గుంజుకొని తిన్నయి. పట్నం కోతులు."

"అగో!" దుర్గమ్మ లేచింది. "పిలుస్తె వచ్చినయి! నువ్వు మేపకుంటె నీ చేతికి ఎట్లొస్తయి?"

ఇస్తారి ముఖం బిగుసుకుంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. నిర్దోషినని చూపబోయి మెడకు ఉచ్చు బిగించుకున్నాడు. వహాబ్ కవరు ఇస్తారికి అందించాడు.

"పటేలా, నువ్వు సప్పుడు చెయ్యి."

ఇస్తారి అనుమానంగా నలిపాడు. చెవి తెగినది ఒక్క దూకులో అతని భుజమెక్కి, అంగీ జేబులో చెయ్యి పెట్టి బీడీకట్ట లాగింది. ఇస్తారి కేక వేశాడు. దుర్గమ్మ కొంగు నోట కుక్కుకుని నవ్వింది.

"నువ్వు గూడ మేపినవా బిడ్డా? నాకు చెప్పనేలేదు!"

చెదిరిన బీడీలు ఏరుకుని, ఇస్తారి తాళంచెవి వహాబ్ ముందు పడేశాడు. "పంట కోసేదాక ఉండు భాయ్. గని నా కన్ను నీ మీదనే ఉంటది."

"ఉండనీ. నెల కింద పొద్దుగాల్ల చెరువు కట్ట కింద లారీ టైర్ల జాడ సూసిన. అప్పుడే చెప్తె నువ్వు ఇనకపోతివి."

"ఎవల లారీ? ఎవలు తెచ్చిండ్రో ఎవలకన్న ఎర్కనా?" ఇస్తారి మా ముఖాలన్నీ వరసగా చూశాడు. నా ముఖం కూడా.

మా కాలనీ నీళ్ల ట్యాంకు మీద పొద్దుటి ఎండలో, పిల్లను పొట్టకు హత్తుకుని కూర్చునేది ఒక కోతి. ఎడమ చెవి సగమే. నెల కింద బోన్లు వచ్చాయి, లారీ వచ్చింది. మేమంతా చందా వేసుకుని తలుపులు మూసుకున్నాం. నాకు తెలుసని అనలేదు నేను. చెప్పు కొసతో మట్టిని గీస్తూ నిలబడ్డాను.

వహాబ్ రోడ్డు దాకా వచ్చాడు. పందిళ్ల మీద ఎండ పలచబడింది. బస్సు కనిపించింది, చెయ్యెత్తాను. కొమ్మ మీది కోతిని చూసినట్టే వహాబ్ ఇంకా నా ముఖంలోకి తేరిపార చూస్తున్నాడు.

"గా చెవు తెగినదాన్ని మస్తుసేపు సూసిండ్రు సార్. మీ కాలనీల కోతుల పీడ వదిలిందంటిరి గదా... వదిలినయి ఎటు పోయినయో ఎవలన్న అడిగిండ్రా?"