లావు గింజ ఓబుళేసు

దేన్నయినా అరచేతిలో వేసుకుని ఎగరేసి చూస్తే తప్ప ఓబుళేసుకు నమ్మకం కుదరదు. లావుగా ఉంటే మంచిది, సన్నగా ఉంటే తాలు. బుక్కరాయసముద్రంలో ఏళ్ల తరబడి శెనక్కాయ మండీ నడిపిన మనిషికి అంతకు మించిన లోకజ్ఞానం అవసరం పడలేదు.

మండీ మూశాక ఎగరేయడానికి కాయలు లేక ఊరి మీద పడ్డాడు. హోటల్లో ఇడ్లీ ఎగరేసి, "సన్న గింజ, మార్చప్పా" అనేవాడు. ఎదురింటి మల్లీశ్వరికి మనవరాలు పుడితే చూడ్డానికి పోయి రెండు చేతులూ చాపాడు.

"నా మనవరాల్ని ఎగరేసినావంటే కాళ్లిరగ్గొడతా!"

"ఎగరేసేదేముండాదమ్మా, చూపుకే తెలుస్తాండాదే. బోల్డు గ్రేడు!"

మండీ భాషలో లావు గింజకు పేరది, అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

పక్కింట్లో పరుపులు కుట్టే బాబావలి ఆయనకు ప్రాణస్నేహితుడు. ఇద్దరికీ షుగరు. ఇద్దరికీ పంతం. ఓబుళేసు ఫ్యాను కొంటే బాబావలి కూలరు కొంటాడు. ఈమధ్య మిద్దె మెట్లెక్కితే బాబావలికి రొమ్ము పట్టేస్తోంది. "గ్యాసు" అంటాడు. ఆస్పత్రికి పొమ్మని భార్య అమీనాబీ ఏడ్చి చెప్పినా వినలేదు. "ఆడికి పోతే లేని రోగాలు కూడా తగిలిస్తారు" అనేవాడు.

ఒక పొద్దున ఓబుళేసు రక్తపరీక్ష కాగితాన్ని జెండాలా ఊపుతూ నరేంద్ర టీకొట్టుకు వచ్చాడు.

"చూడండప్పా! రక్తం గడ్డ కట్టించే ప్లేట్‌లెట్లు ఉంటాయే, నావి మామూలు సైజు కాదంట. లావు! బోల్డు గ్రేడు!"

"అది మంచిదేనా అన్నా?" అన్నాడు నరేంద్ర.

"లావు గింజ చెడ్డదని యాడన్నా విన్నావా?"

శెనక్కాయలు పండించే ఊరు. ఎవరూ వినలేదు. ఇద్దరు రైతులు లేచి చెయ్యి కూడా కలిపారు.

బాబావలి గ్లాసు కింద పెట్టాడు. "నీది బోల్డు గ్రేడా? నాది చూస్తే మండీ మూసుకుంటావు."

"అది ఎప్పుడో మూసినాలే. నీది తాలు రా. అందుకే పరీక్షంటే భయం."

వారం తిరక్కుండా వీధి పిల్లలు "తాలు తాతా" అనడం మొదలుపెట్టారు. బాబావలి ఇక తట్టుకోలేకపోయాడు. పరీక్ష చేయించుకుని, తీర్పు చెప్పడానికి, రోజూ టీకొట్టులో వాళ్ల పక్కన కూర్చునే నన్ను వెంటబెట్టుకుని డాక్టర్ పద్మప్రియ దగ్గరికి పోయాడు. ఓబుళేసు కూడా వెంట వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"ప్లేట్‌లెట్లు బాగా లావుగా ఉన్నాయి" అంది డాక్టరు.

బాబావలి మీసం మీద చెయ్యి వేశాడు. "రాసుకోప్పా. గెలిచినా."

"ఇందులో గెలుపేముంది పెద్దాయనా? షుగరు అదుపు తప్పితే ఇవి లావవుతాయి, దూకుడు పెరుగుతుంది. గాయం లేకున్నా ఒకదానికొకటి అంటుకుంటాయి. బెల్లం పాకంలో శెనక్కాయ పప్పులు ఉండ కట్టినట్టు. ఆ ఉండ గుండెకు రక్తం పోయే దారిలో అడ్డం పడితే?"

చెయ్యి మీసం మీంచి రొమ్ము మీదికి దిగింది.

"మెట్లెక్కితే పట్టేస్తోందా?"

"గ్యాసమ్మా..."

"ముందు ఈసీజీ తీద్దాం." చీటీ రాస్తూ ఆమె నవ్వింది. "ఉండ మాట నాది కాదు. పోయిన నెల ఓబుళేసు గారికి ఇదే చెప్తుంటే ఆయనన్నారు."

పోయిన నెల. ఆయన జెండా ఊపింది ఈ నెలలో.

ఆ రోజే బాబావలిని గుండె డాక్టరుకు చూపించారు. ఒక దారి సన్నబడింది, మూసుకుపోలేదు, సమయానికి వచ్చారన్నాడాయన.

బాబావలి నేరుగా ఓబుళేసు ముందుకు పోయి నిలబడ్డాడు. "తెలిసే ఊరంతా దండోరా వేసినావా రా?"

"నాకేం తెలుసప్పా, కాయలమ్ముకునేవాణ్ణి. గెలిచినావా లేదా?"

"గెలిచినా."

"అయితే మాత్రలు మింగు. గెలిచినోనికి అదే ప్రైజు."

కొన్ని నెలల మందులు, పథ్యం తర్వాత బాబావలి షుగరు దిగింది. మళ్లీ పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్ల సైజూ కొంచెం తగ్గింది. ఆ కబురు టీకొట్టుకు మోసుకొచ్చింది ఓబుళేసే. "మావోని గింజ సన్నబడిందప్పా!" ఆయన సన్న గింజను మెచ్చుకోగా మేము వినడం అదే మొదలు.

ఇదే అదనని నరేంద్ర ఒక బుల్లి వడ తెచ్చి చేతిలో పెట్టాడు. ఓబుళేసు దాన్ని ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు.

"ఇది మాత్రం మార్చప్పా."