తెలియదు అనే ఖాతా

కుప్పంలో మా ఇంటి ముందు రోడ్డు మీద నీలగిరి మొద్దుల లారీలు పోతుంటాయి. వాన పడిన మరునాడైతే ఆ తడి బెరడు వాసన కిటికీలోంచి నేరుగా వంటింట్లోకి వచ్చేస్తుంది. ఎవరికైనా అది హాయినిచ్చే వాసనే. నాకు మాత్రం అరచేతులు చెమట పడతాయి. మొన్న శుక్రవారం కూడా అంతే. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి పర్సులో డబ్బు లెక్కపెట్టుకుంటున్నాను. లారీ పోయింది, వాసన వచ్చింది, ఎంతవరకు లెక్కపెట్టానో మరిచిపోయాను. మొదటి నోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఈలోగా పాలు పొంగి స్టవ్ ఆరింది. మా ఆయన వచ్చి చూసి, "పాలు పొంగితే శుభమే కదా, ఏడుపు మొగమెందుకు?" అన్నాడు. మరుపంటే నాకింత భయమెందుకో చెప్పాలంటే నాగరత్నమ్మ మేడమ్ గురించి చెప్పాలి. ఆమె చేతిరుమాలు ఎప్పుడూ నీలగిరి తైలం వాసన వేసేది.

నా మొదటి ఉద్యోగం మదనపల్లెలో, ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో. మేడమ్ అక్కడ లెక్కల విభాగానికి పెద్ద. నేను గుడుపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చినదాన్ని. మా ఇంట్లో అందరివీ కూలి బతుకులే, నెల జీతం అనే దాన్ని మొదట చూసింది నేనే. చూసింది అని రాశాను గానీ, నిజానికి దాన్ని చూడాలంటేనే నాకు వణుకు. నెల సగం తిరక్కుండానే డబ్బు అయిపోయేది. ఎటు పోయిందో తెలిసేది కాదు. బ్యాంకు మెసేజ్ మోగితే చాలు, ఫోను బోర్లా తిప్పి సొరుగులో పడేసేదాన్ని. చూడకపోతే తగ్గదని ఒక పిచ్చి నమ్మకం. అది మేడమ్ కంటబడింది.

"ఏం పాపా, ఫోన్లో పామేమైనా ఉండాదా?"

"బ్యాంకు మెసేజ్ మేడమ్. తర్వాత సూస్తా."

"భయపడే అంకెను ముందు సూడాల. తర్వాత సూస్తాననుకుంటే అది పిల్లల్ని పెడ్తాది" అంది.

ఆ సాయంత్రం ఆఫీసు అయ్యాక నన్ను తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఆఫీసు లెక్కలకు కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఉండేది. ఆమె సొంత లెక్కలు మాత్రం వేరే దారి. ఒక మామూలు అక్షరాల ఫైలు, గళ్ళూ గీతలూ ఏమీ లేవు. తేదీ, దేనికి, డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోయింది, అంతే. అదీ తెలుగులోనే టైపు చేసేది. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ ఫైలును చదివి, నల్లటి తెర మీద మొత్తాలు వేసి చూపేది. ఎక్కడైనా పొసగకపోతే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోయేది. "ఈ కంపెనీ రేపు మూతపడినా, ఆ ప్రోగ్రాం లేకుండా పోయినా, ఈ ఫైలును ఎవురైనా చదవొచ్చు. రాసింది మన మాటల్లో ఉండాది కాబట్టి" అని చెప్పింది.

నేను టైపు చేసిన మొట్టమొదటి ఖర్చు పాలు. మీట నొక్కగానే తెర నిండా ఎర్ర అక్షరాలు, అన్నీ ఇంగ్లీషు. ఆఫీసు కంప్యూటరు పాడు చేశానని, జీతంలో పట్టేస్తారని భయపడి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మేడమ్ నన్ను భుజం పట్టి కూర్చోబెట్టి నవ్వింది.

"ఖాతా పేరుకీ అంకెకీ నడమ రెండు ఖాళీలు వదలాల. నువ్వు ఒకటే వదిలినావు. 'పాలు అరవై' అనేదే ఖాతా పేరు అనుకొని, అంకె యాడ అని అడుగుతాండాది అది. అది తిట్టేది కాదు పాపా, యాడ ఆగిందో చెప్పేది. లైను నంబరు సూడు, ఆ లైనుకు పో, దాని పైదీ కిందదీ సదువు."

రెండో ఖాళీ వదిలాను. ఎర్ర అక్షరాలు పోయి మొత్తం వచ్చింది. ఆ క్షణం నుంచి ఆమె ఏం చెబితే అది నాకు వేదం.

మా వైపు శుక్రవారం పూట చేతి డబ్బు బయటికి ఇవ్వరు, లక్ష్మి వెళ్ళిపోతుందని. మేడమ్ ఆ ఆచారాన్ని తనకు పనికొచ్చేలా మార్చుకుంది. డబ్బు కదలని రోజు కాబట్టి లెక్కకు అదే మంచిరోజు అనేది. పొద్దున దీపం పెట్టి, పర్సు, డబ్బా, అన్నీ మంచం మీద కుమ్మరించి లెక్కపెట్టి, చేతిలో ఉన్నది ఇంత అని ఫైల్లో రాసేది. ఫైలు ప్రకారం ఉండవలసినదీ నిజంగా ఉన్నదీ ఒకటి కాకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు అందరూ చేసే పని ఒకటుంది. 'సర్దుబాటు' అని ఒక లైను రాసి తేడాను అందులో తోసేస్తే చాలు, ప్రోగ్రాం నోరు మూసుకుంటుంది. నేనూ ఒకసారి రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"సర్దుబాటు అంటే ఏంది? దేన్ని సర్దినావు?"

"యాభై రూపాయలే కదా మేడమ్."

"యాభై కాదు నా బాధ. యాడికి పోయిందో నీకు తెలీదు, తెలిసినట్టు రాస్తాండావు."

ఆ యాభై కోసం గంటసేపు వెతికాం. బస్సులో చిల్లర లేదని కండక్టరు టికెట్టు వెనక రాసిచ్చిన బాకీ అది. దిగేటప్పుడు అడిగి తీసుకోవడం నేనే మరిచిపోయాను. ఏడాది తిరిగేసరికి ఫోను మోగితే ఉలిక్కిపడటం మానేశాను. అదంతా ఆమె పెట్టిన భిక్ష.

తర్వాత నాకు పెళ్ళయి కుప్పం వచ్చేశాను, ఇక్కడ ఒక బడి ఆఫీసులో పని దొరికింది. మేడమ్ రిటైరై పుంగనూరులో తమ్ముడు చెంగప్ప ఇంట్లో పైభాగంలో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. కింద తమ్ముడి సంసారం, పైన ఆమె వంట ఆమెదే. నెలకోసారి ఫోను చేసుకునేవాళ్ళం. ఒకరోజు ఆమె గొంతు తేడాగా వినిపించింది.

"పాపా, సాఫ్ట్‌వేర్ చెడిపోయింది. ఒకసారి వచ్చి సూసి పో."

పలమనేరులో బస్సు మారి పుంగనూరు చేరాను. ఆమె ఫైలు తెరిస్తే ప్రోగ్రాం శుక్రవారం శుక్రవారానికీ ఆగిపోతోంది. ముందు యంత్రం మీదే అనుమానపడ్డాను. ప్రోగ్రాం కొత్తది వేశారేమో చూశాను, లేదు. తేదీలు తిరగబడ్డాయేమో చూశాను, సరిగ్గానే ఉన్నాయి. ఖాళీలు వెతికాను, ప్రతి లైనులో రెండూ ఉన్నాయి. ఇక చేసేది లేక ఖర్చులే ఒక్కొక్కటి చదవడం మొదలుపెట్టాను. గ్యాసు అని ఒకచోట ఉంది. రెండు రోజుల తర్వాత సిలిండరు. ఆ మరునాడు వంటగ్యాసు. మూడూ ఒకే ధర. ఇంట్లో ఉన్న సిలిండరు ఒక్కటే. మందుల షాపుకైతే ఒకే బిల్లుకు నిజంగానే రెండుసార్లు కట్టింది, ఫోన్లో ఆ రెండు మెసేజ్‌లూ ఉన్నాయి. ఆమె నా కుర్చీ వెనకే నిలబడి ఉందని ఆ తైలం వాసనే చెబుతోంది. వెనక్కి తిరగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"తప్పు దానిదా, నాదా?" అంది.

"అది... కొత్త వెర్షన్ ఏమన్నా..." నా మాట నాకే అతకలేదు.

"రెండు ఖాళీలుండాయా?"

"ఉండాయి మేడమ్."

"తేదీలు?"

"బాగుండాయి."

"అయితే నాదే."

వెళ్ళి మంచం మీద కూర్చుంది. చాలాసేపు రుమాలు మడత పెడుతూ, విప్పుతూ ఉంది. "మా అమ్మకూ ఇట్లే మొదులైంది" అంది చివరికి. "పలమనేరు బస్టాండులో కూచోని, ఇంటికి పొయ్యే బస్సు యాడ నిలస్తాదని వచ్చేవాళ్ళనీ పొయ్యేవాళ్ళనీ అడిగిందంట. మా ఇల్లు ఆ బస్టాండు ఎనకాలే పాపా." నేను అంతవరకు ఆమె భయపడగా చూడలేదు. భయం లేని మనిషి అనుకునేదాన్ని. ఆ మొహం చూశాక, గోడ పట్టుకుని నడిచేవాళ్ళకు గోడే కదిలితే ఎలా ఉంటుందో నాకు అర్థమైంది.

కుప్పంలోనే పెద్దాసుపత్రిలో చూపించాం. డాక్టరు వంద నుంచి ఏడేడు తగ్గిస్తూ చెప్పమంటే గడగడా చెప్పేసి, నావైపు గర్వంగా చూసింది. నా ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఆయన, "ఇందాక మూడు మాటలు గుర్తు పెట్టుకోమన్నాను, చెప్పండి" అన్నాడు. ఆమె అయోమయంగా నన్ను చూసి, "మనకేమన్నా చెప్పినాడా ఈయన?" అని అడిగింది. మతిమరుపు జబ్బు మొదలైందని, మందులతో కొంత నెమ్మదిస్తుందని, తిరిగి వెనక్కి మాత్రం రాదని డాక్టరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్దా ఎత్తలేదు. ఉన్నట్టుండి, "కొత్త ఖాతా ఒకటి తెరువు" అంది.

"ఏం పేరు మేడమ్?"

"తెలియదు."

పేరు తెలియదంటోందేమో అనుకుని నేను భయంగా చూశాను. అది కనిపెట్టి, "ఖాతా పేరే అది. శుక్రవారం తక్కువొచ్చిన డబ్బంతా దాంట్లో రాయి" అంది.

"సర్దుబాటు వద్దన్నారు కదా?"

"సర్దుబాటు అంటే అబద్ధం. ఇది నిజం. నాకు తెలీదు, అంతే." నా మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. "ఒక మాట ఇయ్యి. ఏ నెలైనా ఈ తెలియదు ఖాతా, తెలిసిన ఖర్చులన్నిటి కన్నా ఎక్కువైతే, ఆ పొద్దు నా ఏటీఎం కార్డు తీసుకోని చెంగప్పకియ్యి. నేను ఒప్పుకోను. తిడతాను. అయినా తీసుకో. చెంగప్పకు చేత కాదు. వాడికి ప్రేమెక్కువ, ఈ పొద్దే లాక్కుంటాడు, లేకుంటే ఎప్పటికీ లాక్కోడు. అంతవరకు మాత్రం ఎవురూ నా డబ్బు ముట్టుకోకూడదు. నా బతుకు నేనే బతుకుతా."

మాట ఇచ్చాను. ఇచ్చిన మరుక్షణం నుంచి నాకు నిద్ర కరువైంది. నెలనెలా పుంగనూరు బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఫైలు తెరిచాక మొత్తం వేయమనే మీట మీద వేలు పెట్టి, ఇంటిదేవుణ్ణి తలుచుకునేదాన్ని. ఒక నెల తెలియదు ఖాతా బాగా తగ్గింది. ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడి, చెంగప్ప చేత బజ్జీలు తెప్పించుకుని తిన్నాం. పై నెల మళ్ళీ పెరిగింది. ఆ పై నెల ఇంకా పెరిగింది. ఎవరికిస్తోందో, ఎక్కడ పెడుతోందో, ఇంకెవరైనా తీసుకుంటున్నారో తెలియదు. అడిగితే చిరాకుపడేది. ఆ అంకె నాకు కలలో కూడా కనిపించేది.

చివరికి ఒక నెల తెలియదు ఖాతా తెలిసిన ఖర్చులను దాటనే దాటింది. నమ్మలేక రెండోసారి వేశాను. లైన్లన్నీ చదివాను, నా తప్పేదైనా దొరుకుతుందేమోనని ఆశగా వెతికాను. ఎర్ర అక్షరాలు ఒక్కటీ లేవు. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. తప్పు లేకపోవడం అంత భయంకరంగా ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది.

"మేడమ్, దాటింది" అన్నాను.

"ఏంది దాటింది?"

కార్డు అడిగాను. ఆమె కళ్ళు మారిపోయాయి. పర్సు రొమ్ముకు హత్తుకుని గోడ దాకా జరిగింది. "ఎవురు నువ్వు? దొంగ! నేను నేర్పిన లెక్కతోనే నా సొమ్ము కొట్టేస్తాండావా?" అని అరిచింది. అరుపుకు చెంగప్ప మెట్లెక్కి వచ్చాడు. అక్కను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "వద్దులేమ్మా, ఇంకో నెల సూద్దాం" అన్నాడు. నాకూ అదే అనాలని ఉంది. ఈ నెల వదిలితే వచ్చే నెల అసలే చేతకాదని తెలుసు. పెద్దావిడ చేతుల్లోంచి పర్సు తీసుకున్నాను, కార్డు తీసి చెంగప్ప చేతిలో పెట్టాను, పర్సు తిరిగి ఆమె ఒడిలో పెట్టాను. మెట్లు దిగుతుంటే వీధి చివరిదాకా నా వెనక దొంగ, దొంగ అనే అరుపు వస్తూనే ఉంది.

తర్వాతి నెల వెళితే, "యాలమ్మా ఇంత సిక్కిపొయ్యినావు?" అని కాఫీ ఇచ్చింది. కార్డు మాట ఎన్నడూ ఎత్తలేదు. పోయిన ఏడాది నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆమెకిచ్చిన మాట నేను నిలబెట్టుకున్నానని ఆమెకు ఎప్పుడైనా, ఒక్క క్షణమైనా, తెలిసిందో లేదో నాకు అంతుపట్టదు. ఆ బాధ నాలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నా ఫైల్లోనూ తెలియదు అనే ఖాతా ఉంది. నలభయ్యో యాభయ్యో తక్కువొస్తే దాంట్లో రాస్తాను, రాసిన ప్రతిసారీ తెలిసిన ఖర్చుల మొత్తంతో పోల్చి చూసుకుంటాను. మొన్న శుక్రవారం మా ఆయనను ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ఖాతా చూపించి, మేడమ్ నన్నడిగిన మాటే నేనూ అడిగాను. "ఆ పొద్దు నేను ఒప్పుకోను. నిన్ను దొంగ అంటాను. అయినా తీసుకో" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నాకు చేతకాదు" అన్నాడు.

"నాకూ చేతకాదనే అనుకున్నా" అన్నాను.